ఇందులో పేదరికం ఎక్కడుంది?

కొన్నేళ్ళ కిందట నరసాపురం దగ్గర ఒక హైస్కూల్లో బొమ్మల పోటీ పెట్టి, నన్నూ ఒక జడ్జిగా పిలిచారు. నాకు బొమ్మలు గీయడం రాదు. కళల గురించి అప్పుడప్పుడూ రాస్తుంటాను, పైగా ఆ ఊళ్ళో మా చుట్టాలున్నారు. పిలవడానికి అంతకుమించి కారణం లేదు. పిల్లలకిచ్చిన అంశం 'పేదరికం'. అరవై పైచిలుకు కాగితాలు వచ్చాయి. బల్ల మీద పరిచి చూస్తే అన్నీ ఒక్కరే గీసినట్టున్నాయి. చిరిగిన చొక్కా, అతుకుల లంగా, సత్తు గిన్నె పట్టుకున్న ముసలాయన, బుగ్గ మీద గోళీకాయంత కన్నీటి బొట్టు. వెనకాల తాటాకు గుడిసె, గుడిసె పక్కన వంగిన కొబ్బరిచెట్టు, చెట్టు వెనక సూర్యుడు. ఆ ముసలాయన్ని తీసేస్తే టూరిజం వాళ్ళ పోస్టరుకి సరిగ్గా సరిపోతుంది.

ఒక్క కాగితం మాత్రం వేరేగా ఉంది. ఎనిమిదో తరగతి అమ్మాయి గీసింది. ఒక అరుగు, అరుగు మీద కుర్చీలో ఒకాయన. ఆయన చేతిలో కాటా, కాటా పళ్ళెంలో తెల్లటి లేసు. మెట్ల కింద ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. చీరలు శుభ్రంగా ఉన్నాయి. ముగ్గురిలో ఒకామె పళ్ళు కనపడేలా నవ్వుతోంది. కాటా పళ్ళెం అంచున చిన్న చిన్న అక్షరాలతో ఏదో కిరాణా కొట్టు పేరు కూడా రాసింది. అదెందుకో మాకు అర్థం కాలేదు. "ఇందులో పేదరికం ఎక్కడుందండీ?" అన్నారు పక్కనున్న జడ్జిగారు. నేనూ తలూపాను. ఆ బొమ్మకి కన్సొలేషన్ బహుమతి కూడా ఇవ్వలేదు.

ఆ తలూపుడు చాలాకాలం నన్ను వదల్లేదు. కళలో పేదరికాన్ని, అన్యాయాన్ని చూపించడం గురించి మనం మాట్లాడేటప్పుడు ఆ రెండు మాటల్నీ అన్నదమ్ముల్లా జతగా వాడేస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. లేమిని చూపించడానికి ఒక మనిషి చాలు. అన్యాయాన్ని చూపించాలంటే కనీసం ఇద్దరు కావాలి: తూచేవాడు, తూయించుకునేవాడు. ఆ రెండో మనిషి బొమ్మలో లేకపోతే పేదరికం తుఫానులాగా, చలిగాలిలాగా ఎటునుంచో వచ్చి పడ్డట్టు కనిపిస్తుంది. చూసినవాళ్ళు అయ్యో అంటారు. ఎవరు చేశారని మాత్రం అడగరు. అరవై మంది పిల్లలు మాకు అయ్యో అనిపించే బొమ్మలు గీశారు. ఒక్క పిల్ల ఇద్దర్నీ గీసింది. మాకది కనపడలేదు.

గోదావరి డెల్టాలో ఈ చిక్కు మరీ ముదిరిపోయింది. కారణం పచ్చదనం. ఎండిపోయిన బీడు, పగుళ్ళిచ్చిన నేల, ఎముకలు తేలిన ఎద్దు కనిపిస్తే కరువని ఎవరికైనా తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఎటు చూసినా కాలవ, వరిచేను, కొబ్బరితోట, అరటితోట. కెమెరా పట్టుకుని వచ్చినవాళ్ళకి ఇక్కడ అందం తప్ప ఇంకేం దొరుకుతుంది? సినిమావాళ్ళు దశాబ్దాలుగా ఇక్కడికొచ్చి పాటలు తీసుకుని వెళ్తున్నారు. తప్పేం లేదు, అందంగానే ఉంటుంది. కానీ ఆ చేలో నడుం వంచి నాట్లు వేస్తున్న పదిమంది ఆడవాళ్ళు దూరం నుంచి రంగురంగుల చీరల వరసలా కనిపిస్తారు. దగ్గరికెళ్తే ఆ వరసలో ఎవరికీ సెంటు భూమి ఉండకపోవచ్చు. వాళ్ళని పిలిచిన రైతుకీ ఉండకపోవచ్చు, ఆయనా కౌలుదారే అయితే.

ఇక్కడి కౌలు సంగతి బయటివాళ్ళకి కాస్త విడమరిచి చెప్పాలి. భూమి పట్టా ఒకరి పేరున ఉంటుంది. ఆయన ఏ హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. సాగు చేసేది ఇంకొకరు. ఎకరానికి ఏడాదికి ఇన్ని బస్తాలని మాట అనుకుంటారు. బస్తా అంటే ఇక్కడ 75 కిలోలు. ఈ ఒప్పందం చాలాచోట్ల నోటిమాటే, కాగితం ఉండదు. బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం పాస్‌బుక్కులో పేరున్నవాడి వైపే చూస్తాయి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలుదారులకి 11 నెలలకి చెల్లే కార్డు ఇస్తామంది. కానీ దాని మీద భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమానికి టెన్షన్, అడిగితే వచ్చే ఏడాది చేను ఎక్కడ పోతుందోనని కౌలుదారుకి టెన్షన్. తీరా పంట చేతికొచ్చాక తేమ 17 శాతం దాటిందని, తాలు ఉందని, తరుగు తీస్తారు, అంటే తూకంలో కొంత కోసేస్తారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామమని ఖరీఫ్‌లో చేలు వదిలేసినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. అంత పచ్చటిచోట రైతుకేం రోగమని.

ఇప్పుడు చెప్పండి, నోటిమాట కౌలుని ఎలా గీస్తారు? తరుగుకి ఏ రంగు వేస్తారు? పేదరికాన్ని గీయడం కష్టమంటే గుండె బరువెక్కడం, చెయ్యి వణకడం అనుకుంటాం. అసలు కష్టం అది కాదు. కంటికి కనపడని లెక్కని కంటికి కనపడేలా చేయాలి.

ఆ పని చేసి చూపించిన పెయింటింగు ఒకటుంది. డెల్టాకి ఏడు సముద్రాల అవతల గీసింది. ఫ్రాన్సులో జాఁ ఫ్రాన్సువా మిలే 1857లో వేశాడు. దాని పేరుని మనవాళ్ళు ఏరుకునేవాళ్ళు అనో, ఇంకేదో అనో అనువాదం చేస్తారు గానీ, డెల్టాలో దానికి తయారుగా ఒక మాట ఉంది: పరిగె. కోత అయిపోయి, కుప్ప వేశాక చేలో రాలి మిగిలిపోయిన కంకుల్ని పరిగె అంటారు. అవి ఏరుకోవడానికి లేనివాళ్ళని రానిచ్చేవారు. మా చిన్నప్పుడు సంక్రాంతి ముందు ఆడవాళ్ళు, పిల్లలు చీర కొంగులు ఒడి కట్టుకుని మోళ్ళ మధ్య తిరుగుతుండేవారు. వరి మోడు అరికాల్లో గుచ్చుకుంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. పొద్దుగూకేదాకా ఏరితే కుంచెడో, మానికెడో. కొన్నిచోట్ల కుప్ప ఎత్తేవరకూ చేలో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. కావాలని కంకులు వదిలేస్తున్నారని కోతవాళ్ళని తిట్టే ఆసాములూ ఉండేవారు. ఇప్పుడు కోత మిషన్లొచ్చాయి, పరిగె ఏరేవాళ్ళు దాదాపు కనపడరు. మాట కూడా కొన్నాళ్ళకి పోతుందేమో.

మిలే పెయింటింగులో ముందు ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఇద్దరు నేల దాకా వంగారు, మూడో ఆమె సగం వంగి ఉంది. మొహాలు సరిగ్గా కనపడవు. కన్నీళ్ళు లేవు. వెనకాల, చాలా దూరంలో, బంగారం రంగు ఎండలో కొండల్లాంటి కుప్పలు, నిండిన బండి, కోతకొచ్చిన జనం. కుడివైపు ఇంకా దూరంలో గుర్రం మీద ఒక మనిషి. పనివాళ్ళ మీద అజమాయిషీ చేసేవాడు. వేలి గోరంత ఉంటాడు. కానీ ఆ గోరంత మనిషి ఉండబట్టే ఆ బొమ్మ అర్థం మారిపోయింది. ముందున్న పిడికెడు కంకులకి, వెనకున్న కుప్పలకి మధ్య ఉన్న దూరమే అసలు బొమ్మ. 1857లో పారిస్ ప్రదర్శనలో పెట్టినప్పుడు డబ్బున్నవాళ్ళు చిరాకు పడ్డారు. ఆ ముగ్గురిలో విప్లవం నీడ కనిపించిందని రాసినవాళ్ళున్నారు. ముగ్గురు ఆడవాళ్ళు గింజలు ఏరుకుంటుంటే భయమెందుకు? చూసేవాడి కన్ను తనంతట తానే ముందు నుంచి వెనక్కి, కంకుల నుంచి కుప్పల దాకా వెళ్ళి లెక్క కట్టేస్తుంది కాబట్టి. మిలే రైతు కుటుంబంలోనే పుట్టినవాడు. ఆ లెక్క అతనికి చిన్నప్పుడే తెలిసి ఉంటుంది.

ఈ మాట అన్నాక, ఒంటరి మనిషి బొమ్మలన్నీ దండగని అనుకోకండి. ఒక్కోసారి ఆ ఒక్క మనిషిని చూపించడమే పెద్ద తిరుగుబాటు. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చచ్చిపోతుంటే పాలకులు దాన్ని కరువని ప్రకటించడానికి కూడా ఒప్పుకోలేదు. అప్పుడు చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు మిడ్నాపూర్ జిల్లాలో కాలినడకన తిరిగి, నల్ల సిరాతో మనుషుల్ని గీశాడు. చాలా బొమ్మల కింద ఆ మనిషి పేరు, ఊరు, ఏం జరిగిందో రాసుకున్నాడు. ఆ బొమ్మలూ రాతలూ కలిపి వేసిన చిన్న పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. బొమ్మ అక్కడ సాక్ష్యం. లేదన్నదాన్ని ఉందని చెప్పడం. తర్వాతెప్పుడో అమర్త్య సేన్ వచ్చి, ఆ ఏడు తిండిగింజలు మరీ అంత తక్కువేం లేవు, కొనుక్కునే శక్తి కొందరికి లేకుండా పోయింది, అని లెక్కలు వేసి చూపించాడు. మళ్ళీ అదే, ఇద్దరు మనుషుల మధ్య సంగతి.

అలాంటి చిత్రకారుడు మన డెల్టాలో ఎందుకు పుట్టలేదని అడిగేవాళ్ళుంటారు. రాజమండ్రిలో దామెర్ల రామారావు పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టి ప్రోత్సహించాడు. బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చి, రాజమండ్రిలో ఒక చిత్రకళా సంప్రదాయానికి పునాది వేశాడు. 1925లో మశూచితో పోయాడు, 28 ఏళ్ళు నిండకుండానే. రాజమండ్రిలో ఆయన పేరున గ్యాలరీ ఉంది, వెళ్ళి చూడండి. లలితమైన గీత, మెత్తని రంగులు, అలంకరించుకునే ఆడవాళ్ళు, గోదావరి. ఇందులో ఆకలి ఎక్కడ అని నిలదీయడం నాకిష్టం లేదు. తెల్లదొరల చదువులో మనదంటూ ఒక అందం ఉందని నిరూపించడమే అప్పటి పోరాటం. పైగా 28 ఏళ్ళు నిండనివ్వకుండా తీసుకుపోయిన జీవితాన్ని ఇంకేం అడుగుతాం?

డెల్టా తన అన్యాయాన్ని కాన్వాసు మీద కాకుండా నోటితో, పాటతో, ఆటతో చెప్పుకుంది. నాకు అసలు ఆసక్తి అక్కడ.

ముందు ఒక పాట, దానికొక జవాబు పాట. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణ రాసిన 'మాకొద్దీ తెల్లదొరతనము' తెలుగునాట మారుమోగింది. ఆయన దానికి జైలుకెళ్ళాడు. అదే రోజుల్లో రాజమండ్రికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాశాడు. ఒక్క మాట మార్చాడు, తెల్ల తీసి నల్ల పెట్టాడు. దాంతో దొర సముద్రం అవతల నుంచి వచ్చి మన వీధి చివర, మన చెరువు గట్టు మీద నిలబడ్డాడు. మేం పేదవాళ్ళం, మమ్మల్ని చూసి జాలిపడండి అనలేదు ఆ పాట. అవతలివాడెవరో వేలెత్తి చూపించింది. మిలే గుర్రం మీద మనిషిని గోరంత గీస్తే, ధర్మన్న అతన్ని తెచ్చి పేరులోనే కూర్చోబెట్టాడు.

తర్వాత బోయి భీమన్న. 1911లో కోనసీమలో మామిడికుదురులో పుట్టినవాడు, కూలి కుటుంబం. ఆయన నాటకం 'పాలేరు' ఊరూరా ఆడింది. పాలేరు కుర్రాడు చదువుకుని పైకి రావడం దాని ఇతివృత్తం. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ పాలేరంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. ఏడాదికింతని మాట్లాడుకుని, ఆసామి ఇంట్లో పశువుల దగ్గర నుంచి చేలో నీళ్ళదాకా చూసుకుంటూ, అప్పు తీరక మళ్ళీ ఏడాదికి అదే ఇంట్లో ఉండిపోయేవాడు. అలాంటివాడి కష్టాలు చూపించి ఏడిపించడం తేలిక. భీమన్న ఏడిపించి ఊరుకోలేదు, వాడి చేతిలో పలక పెట్టాడు. నాటకం చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపినవాళ్ళున్నారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆయన కవితా సంపుటి 'గుడిసెలు కాలిపోతున్నాయి'కి 1975లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ పేరులోని క్రియని ఒకసారి గమనించండి. కాలిపోతున్నాయి. ఎవరు కాల్చారన్నది పేరులో లేదు. వేసవిలో తాటాకు పేట ఒక్క నిప్పురవ్వకి బుగ్గయిపోవడం చూసినవాళ్ళకి ఆ ప్రశ్న ఎవరూ చెప్పకుండానే వస్తుంది. ఆ గుడిసెలు ఊరికి అటుచివర, అంత ఇరుగ్గా, అంత తొందరగా అంటుకునేలా ఎందుకున్నాయని.

బుర్రకథ సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని కట్టులోనే ఒక కిటుకుంది. మధ్యలో కథకుడు, భుజాన తంబురా. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం చెప్తాడు, రెండోవాడు రాజకీయం మాట్లాడతాడు. కథకుడు ఏ పల్నాటి వీరుడి కథో, బొబ్బిలి కథో చెప్పుకుంటూ పోతుంటే, రాజకీయ వంత మధ్యలో ఆపి, అది సరేగానీ మన ఊళ్ళో రేషన్ షాపు సంగతేమిటి అంటాడు. పాత కథ ఒక్కసారి ఈ సాయంత్రానికి వచ్చేస్తుంది. హాస్య వంత నవ్విస్తాడు, నవ్వుతూ నవ్వుతూ ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ వైపు జనం చూస్తారు. 1940ల్లో వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి ఈ కట్టుని పట్టుకుంది. దానికి ప్రాణం పోసినవాళ్ళలో ఒకరైన డాక్టర్ గరికపాటి రాజారావు పుట్టింది రాజమండ్రిలోనే. ఆ మండలి ఆడిన 'మాభూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒక నాటకానికి అంతకంటే పెద్ద రివ్యూ ఉండదు.

తోలుబొమ్మలాటలోనూ ఇదే. కాకినాడ పక్కన మాధవపట్నంలో ఈ ఆట ఆడే కుటుంబాలున్నాయి. తెర మీద రామాయణం నడుస్తూ ఉంటుంది. రాముడు, రావణుడు చక్కటి గ్రాంథికంలో పద్యాలు అందుకుంటారు. అంతలో కేతిగాడు దూకుతాడు, వెనకే బంగారక్క, జుట్టుపోలిగాడు. వాళ్ళది మన భాష. బూతులు, అప్పులు, ఆకలి, మునసబు గారి పిసినారితనం అన్నీ వాళ్ళ నోట్లో పలుకుతాయి. రాజు గారి కథలో పేదవాడికి పాత్ర ఇవ్వలేదు కాబట్టి, మధ్యలో అడ్డదారిన వాడే వచ్చేశాడు. ఊరివాళ్ళ మీద చెయ్యి చేసుకోలేని చోట కేతిగాడి చేత రెండు అంటించడం ఆటగాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

ఈ రెండింట్లోనూ ఉన్న సరుకు వెటకారం. గోదావరి జిల్లాలవాళ్ళకి ఇది కాస్త ఎక్కువని మిగతా తెలుగువాళ్ళు విసుక్కుంటారు. ధవళేశ్వరంలో పుట్టి పేదరికాన్ని దగ్గరగా చూసిన ముళ్ళపూడి వెంకటరమణ, అప్పుల మీద 'ఋణానందలహరి' అని రాసి అప్పారావుని సృష్టించాడు. అప్పులవాడు సిగ్గుతో కుంచించుకుపోవాలి కదా. అప్పారావు కుంచించుకుపోడు, అప్పుని కళగా అభ్యాసం చేస్తాడు. జాలి ఎప్పుడూ పైనుంచి కిందికి వస్తుంది. వెటకారం కింద నుంచి పైకి వెళ్తుంది. అందుకే దానికి ఎదుటివాడు తప్పనిసరి. వెటకారం చేయాలంటే ఇంకొకడు ఉండాలి, ఒంటరిగా వెటకారం చేసుకోలేం. మన బడి పిల్లలకి ఈ సరుకంతా ఇంట్లోనే ఉంది, కానీ బొమ్మ గీయమంటే కన్నీటి బొట్టే గీస్తారు. ఎక్కడ నేర్చుకున్నారంటే, మా లాంటి జడ్జీల దగ్గర.

నరసాపురం లేసు దగ్గరికి వస్తే ప్రశ్న తలకిందులవుతుంది. ఇక్కడ పేదవాళ్ళు బొమ్మలో లేరు, బొమ్మ చేసేది వాళ్ళే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషా అల్లిక ఇది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, ఇంట్లో ఆడవాళ్ళు అల్లుతారు, ముక్కలు కాటా మీద తూచి తిరిగి తీసుకుని కూలి ఇస్తాడు. ఆ ముక్కలు కలిపితే బల్లగుడ్డలు, కర్టెన్లు. అవి సముద్రం దాటి వెళ్తాయి. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ ఊళ్ళలో తిరిగి 1982లో ఒక పుస్తకం రాసింది. ఆమె చెప్పినదాంట్లో నాకు బాగా నాటుకున్నది ఒకటే. ఈ ఆడవాళ్ళు ప్రపంచ మార్కెట్టు కోసం రోజూ గంటలకొద్దీ పని చేస్తున్నా వాళ్ళని పనివాళ్ళుగా ఎవరూ లెక్కపెట్టలేదు. గృహిణులు, ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటారు అన్నారు. ఖాళీ టైము అన్న ఒక్క మాటతో కూలి తగ్గిపోయింది. మా మేనత్త ఇంట్లో దీపం పెట్టే వేళకి మొదలుపెట్టి రాత్రి పది దాకా అల్లేవాళ్ళని చూశాను. చూపుడువేలి పక్కన సూది రాసుకుని చర్మం కాయ కట్టి ఉండేది. ఎప్పుడు ఖాళీ అని ఎవరైనా అడిగితే నవ్వేవారు.

2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరు పేరు నిలబడింది, సంతోషమే. అల్లినామె పేరు మాత్రం ఇప్పటికీ ముక్క మీద ఉండదు. పేరు లేకపోవడం చిన్న సంగతి కాదు. అమెరికాలో 1936లో డొరొతియా లాంగ్ అనే ఫొటోగ్రాఫరు, బఠాణీ కోత కూలీల క్యాంపులో పిల్లల్ని మీదేసుకుని దిగులుగా చూస్తున్న ఒక తల్లి ఫొటో తీసింది. ప్రపంచం మొత్తం చూసిన ఫొటో అది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. 42 ఏళ్ళు ఆమె మొహం అందరిదీ, పేరు ఎవరికీ అక్కర్లేదు. ఆ ఫొటో వల్ల తనకి పైసా రాలేదని ఆమె బాధపడింది. చిత్తప్రసాద్ బొమ్మ కింద పేరు రాసుకున్నాడని ఇందాక అన్నది ఇందుకే.

డెల్టా ఎవరి పేర్లు గుర్తుపెట్టుకుంది? 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఊరూరా విగ్రహమై ఉన్నాడు, చాలాచోట్ల గుర్రం మీద. అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిని తలుచుకుంటాం. ఇద్దరూ తలుచుకోదగ్గవాళ్ళే. కానీ ఆనకట్టకి రాళ్ళు మోసినవాళ్ళ బొమ్మ ఒక్కటి చూపించండి. సీతమ్మ గారి అరుగు మీద విస్తరి ముందు కూర్చున్నవాడు ఏ ఊరివాడు, ఎందుకు ఆకలితో వచ్చాడు? మన కళ పెట్టిన చేతిని చూపిస్తుంది, చాచిన చేతిని అంచు దగ్గర కోసేస్తుంది.

మరి ఆ చాచిన చేతులవాళ్ళు తమ డబ్బుతో తామే ఒక బొమ్మ పెట్టించుకుంటే ఏ బొమ్మ పెట్టుకుంటారు? దీనికి జవాబు డెల్టాలో ఏ పేటకి వెళ్ళినా దొరుకుతుంది. సిమెంటు విగ్రహం, నీలం కోటు, టై, కళ్ళజోడు, ఒక చంకలో పుస్తకం, ముందుకి చాచిన చూపుడువేలు. కూలి డబ్బుల్లోంచి చందాలు వేసుకుని కొత్తపేట లాంటి చోట్ల శిల్పుల చేత చేయించి తెచ్చుకుంటారు. అందులో చిరిగిన గుడ్డ లేదు, ఎండిన డొక్క లేదు. పేదరికాన్ని చూపించమంటే చిత్రకారులు పేదవాడి ఒంటి మీద బట్టలు తీసేస్తారు. పేదవాళ్ళు మాత్రం ఇస్త్రీ చేసిన సూటు తొడిగారు. కళా విమర్శకులు ఈ విగ్రహాల గురించి ఎందుకు రాయరో నాకు తెలీదు. ముక్కు సరిగ్గా కుదరలేదనో, రంగు మరీ ముదురనో అంటారు. నేను మాత్రం ఇది డెల్టాలో గత యాభై ఏళ్ళలో వచ్చిన అతి ముఖ్యమైన ప్రజాశిల్పం అంటాను.

అది ఎంత బలమైన బొమ్మో దాని మీద జరిగిన గొడవలే చెప్తాయి. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో మిగతా నాయకుల విగ్రహాల సరసన అంబేడ్కర్ విగ్రహం పెట్టబోతే గొడవై, దళితుల్ని పనుల్లోకి పిలవకుండా వెలివేశారు. పేటలో ఉన్నంతసేపు విగ్రహంతో ఎవరికీ పేచీ లేదు. చెరువు గట్టు మీదికి, నలుగురి వరసలోకి వచ్చేసరికి వచ్చింది. 2022 మేలో కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. బిచ్చగాడి బొమ్మ పెడితే ఎవరూ ఇల్లు తగలబెట్టరు. బొమ్మ ఎక్కడ నిలబడింది, ఎవరి పక్కన నిలబడింది అన్నదే అసలు అర్థమని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక్కడ కూడా ఇద్దరు ఉండాలన్న లెక్కే, కాకపోతే రెండోవాళ్ళు బొమ్మలో లేరు, ఎదురుగా నిలబడి చూస్తున్నారు.

బహుమతులిచ్చేశాక ఆ సాయంత్రం బడి వరండాలో పిల్లలు తమ కాగితాలు తీసుకుంటున్నారు. ఆ అమ్మాయి తన బొమ్మని చుట్ట చుట్టి రబ్బరుబ్యాండు వేస్తోంది. ఊరికే ఉండలేక అడిగాను.

"ఆవిడెందుకు నవ్వుతోందమ్మా?"

"మా పెద్దమ్మండి."

"సరే, నవ్వుతోంది ఎందుకు?"

"ఆ రోజు ఏజెంటుగారి కాటా పాడైపోయిందండి. మా ఎదురింటి కొట్లో కాటా అడిగి తెచ్చారండి." రబ్బరుబ్యాండు ఇంకో మెలిక తిప్పింది. "తరుగే రాలేదండి."